రేవు సీనులో ఏడుపు

ఏడుపు దగ్గరికి వచ్చి ఆగిపోవడం అక్కయ్యకు అలవాటు.

ఆ ఆదివారం కూడా అలాగే ఆగింది. ముందుగది నిండా అభిమానులు. కుర్చీలు చాలక కొందరు నేల మీదా, ఒకరిద్దరు కిటికీ గట్టు మీదా సర్దుకున్నారు. ఒకావిడ జుట్టును సినిమాలో హీరోయిన్ లాగే పక్కకు దువ్వి పిన్ను పెట్టుకొచ్చింది. అందరి కళ్ళూ పేముకుర్చీలో నిటారుగా కూర్చున్న అక్కయ్య మీదే ఉన్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుని రేవు సీనులో మాటలు చెప్పింది.

"వెళ్ళు. వెనక్కి చూడకు. చూస్తే రమ్మంటాను. రమ్మంటే వస్తావు. వెళ్ళిపోయినవాణ్ణి ప్రేమించినంతగా, తిరిగొచ్చినవాణ్ణి ప్రేమించడం నాకు చేతకాదు."

దాని తర్వాత ఏడుపు. అక్కయ్య పెదవులు బిగించి తల పక్కకు తిప్పేసుకుంది.

అభిమానుల సంఘానికి అధ్యక్షుడైన పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "చూశారా! ఆ ఏడుపుని అమ్మగారు ఇలా కూర్చున్నచోట ఖర్చు పెట్టరు. అదీ కళాకారిణి అంటే."

చప్పట్లు. వంటింటి గుమ్మంలో కాఫీ ట్రే పట్టుకుని నిలబడ్డ పిన్నికి చప్పట్లు కొట్టే వీల్లేదు.

అది పాత హాలీవుడ్ సినిమా. ఓ లావుపాటి ప్రేమ నవల నుంచి తీశారు. ఓడ కెప్టెన్ని ప్రేమించి, చేతులారా పంపించేసిన జమీందారు కూతురి కథ. తెర మీద ముఖం ఎవరో విదేశీ నటిది. ఇక్కడి భాషలో గొంతు అక్కయ్యది. ఈ ఊరివాళ్ళకు ఆ ముఖమూ ఈ గొంతూ కలిపి ఒకే మనిషి. సినిమా ఇక్కడ మొదటిసారి ఆడిన రోజును ఏటా ఈ ఇంట్లోనే జరుపుకుంటారు.

"అసలు నవల్లో ఆవిడ ఏడవదు," అన్నాడు నవల మేష్టారు. ఆయన చంకలో ఎప్పుడూ ఆ పుస్తకం ఉంటుంది. "ఓడ వెళ్ళిపోయాక ఇంటికెళ్ళి చేతిరుమాళ్ళు ఇస్త్రీ చేసుకుంటుంది. పేజీలకు పేజీలు ఇస్త్రీ."

"అందుకే ఆ నవల మీరొక్కరే చదివారు మేష్టారూ," అన్నారెవరో.

గది గొల్లుమంది. మేష్టారు కూడా నవ్వాడు. ఏటా ఇదే మాట, ఏటా ఇదే నవ్వు. పిన్ని కాఫీలు అందించింది. ఆవిడ అక్కయ్యకు తోడికోడలు. అన్నదమ్ముల్ని చేసుకుని ఇద్దరూ ఒకే ఇంటికి వచ్చారు. ఇప్పుడు అన్నదమ్ములు లేరు, ఇల్లుంది. డబ్బింగు రోజుల్లో ఇద్దరూ కలిసే స్టూడియోకు వెళ్ళేవారు. అక్కయ్య హీరోయిన్లకు మాటలు చెప్పేది. పిన్ని గుంపులో అరుపులు అరిచేది, పసిపిల్లల్లా గుక్కపెట్టేది, చావింటి ఏడుపులు ఏడ్చేది. స్టూడియోలో ఆమెకు 'ఏడుపు పిన్ని' అని పేరు. ఆ పేరులో ఏడుపు రాలిపోయి ఇప్పుడు ఊరందరికీ ఉత్త పిన్ని.

"అమ్మగారూ, ఒక శుభవార్త, ఒక చేదువార్త," అన్నాడు డాక్టరు. "పన్ను పీకేముందు నేను ఇలాగే చెప్తాను, భయపడకండి. మన సినిమాను శుభ్రం చేసి మళ్ళీ పెద్ద తెర మీద వేస్తున్నారు. బొమ్మ అద్దంలా వచ్చింది. కానీ రేవు రీలుకు శబ్దం పోయింది. మొత్తం బూజు తినేసింది. టీవీలోంచి పట్టుకున్న టేపులున్నాయి గానీ హాల్లో వేస్తే గరగర తప్ప ఏమీ వినపడదు. కంపెనీవాళ్ళు కొత్తమ్మాయితో చెప్పిస్తామన్నారు. ముందు మా పీకలు నొక్కి తర్వాత చెప్పించుకోండి అన్నాం."

"నా గొంతు ముసలిదైపోలేదూ?"

"మేం మాత్రం పడుచువాళ్ళమా అమ్మగారూ? మీరే చెప్పాలి. మాటలూ, ఏడుపూ."

అక్కయ్య చూపు జనం తలల మీదుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, అక్కడ ఆగకుండా వెనక్కి పోయింది.

"అలాగే," అంది.

* * *

స్టూడియో మారిపోయింది. వెనకటి హాలు లేదు. గోడలకు మెత్తటి పలకలు అంటించిన చిన్నగది, అద్దానికి అవతల యంత్రాల గది. యంత్రాల ముందు ఇంజినీరమ్మాయి కూర్చుంది. ఆమె వెనక డాక్టరూ, నవల మేష్టారూ. సంఘం తరఫున సాక్షులట. పిన్ని గోడవార స్టూలు మీద అక్కయ్య మందుల సంచీ, వేడినీళ్ళ ఫ్లాస్కూ పట్టుకుని కూర్చుంది.

మైకు ముందు నిలబడగానే అక్కయ్యకు పదేళ్ళు తగ్గాయి. చేతి గడియారం తీసేసి పిన్నికి ఇచ్చింది, టిక్కుటిక్కు మైకులో పడకుండా. కాగితం రెపరెపలాడకుండా స్టాండుకు క్లిప్పు పెట్టించింది. తెర మీద పొగమంచు, రేవు, నల్ల గౌనులో దొరసాని. ఆమె పెదవులు మూతపడేచోట అక్కయ్య మాట మూతపడింది, తెరుచుకునేచోట తెరుచుకుంది. ఎక్కడా పిసరు జారలేదు.

"అమ్మో," అంది ఇంజినీరమ్మాయి హెడ్‌ఫోన్ల చెవి గొట్టాల్లోంచి. "ఇక ఏడుపమ్మా."

రికార్డింగు ఎర్రదీపం వెలిగింది. అక్కయ్య ఏడ్చింది.

దీపం ఆరింది. అద్దం అవతల ఇంజినీరమ్మాయి డాక్టరు వైపు తిరిగింది. డాక్టరు తన బూట్లకేసి చూసుకున్నాడు.

"ఇంకోసారి వద్దామా అమ్మా?"

మళ్ళీ ఏడ్చింది. మళ్ళీ. మాటల్లో తెర చీల్చుకుని వచ్చే మనిషి ఏడుపులో మాత్రం బడి నాటకంలో పిల్లలా ఉంది. తెర మీద దొరసాని భుజాలు ఒకలా కదులుతున్నాయి, అక్కయ్య గొంతు ఇంకోలా పోతోంది. పిన్ని స్టూలు మీదే తన ఊపిరిని ఆ భుజాలతో పాటు తీస్తూ వదులుతూ ఉంది. తనకు తెలియకుండానే. తెలిశాక మానేసింది.

"అలిసిపోయారు," అన్నాడు డాక్టరు లోపలికి వచ్చి. ఆయన ముఖంలో దిగులు దాగలేదు. "రేపు తాజాగా చేద్దాం అమ్మగారూ. ఆ ఏడుపు ఎక్కడికీ పోదు. మా ఇంట్లో మగాళ్ళు ఏడవకూడదనేవారు. మా నాన్న పోయినప్పుడు కూడా నాకు కన్నీళ్ళు రాలేదు. ఆ నెలలోనే మన సినిమా చూశాను. రేవు సీనులో మీరు ఏడుస్తుంటే, నాకోసం ఎవరో ఏడ్చిపెట్టినట్టు అనిపించింది. అప్పట్నుంచీ ఆ ఏడుపుకి బాకీ పడ్డాను."

అక్కయ్య గడియారం కోసం పిన్ని వైపు చెయ్యి చాపింది.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోమింది పిన్ని. అక్కయ్య పక్కన నిలబడి గుడ్డతో తుడిచింది. ఎప్పుడూ తుడవదు. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తోంది.

"ఏమే."

"ఊఁ."

"రేపు వాళ్ళిద్దర్నీ టీకి పంపించేస్తాను. ఆ పిల్లకు నేను చెప్పుకుంటాను. నువ్వు లోపలికొచ్చి ఓ నిమిషం..."

పిన్ని కుళాయి కట్టేసింది. చాలా కాలంగా ఒక మాట తన నోట్లో ఉందని ఆవిడకు తెలుసు. అది ఇంత మామూలుగా బయటికొస్తుందని మాత్రం అనుకోలేదు.

"చాటుగా ఏడవను అక్కయ్యా. ఈసారి చెప్పి ఏడుస్తాను. పేరు వేయించు."

"పేరా?"

"నీ పేరు కిందే వెయ్యమను. చిన్న అక్షరాలైనా సరే. అప్పుడంటే ఏడుపులకి పేర్లు వేసేవాళ్ళు కాదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

అక్కయ్య గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. "మొదట్లో చెబుదామనే అనుకున్నానే. మొదటిసారి ఎవరో వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చినప్పుడు. అంత ఏడుస్తున్న మనిషికి 'అది నేను కాదమ్మా' అని ఎలా చెప్పను? తర్వాత ఇంకొకరు. తర్వాత..."

"నేను కాఫీ తెచ్చేదాన్ని."

"అవును. నువ్వు కాఫీ తెచ్చేదానివి." అక్కయ్య గుడ్డను అల్మారా మీద పెట్టింది. "రేపు చెప్తాను. అందరి ముందూ చెప్తాను."

* * *

చెప్పింది.

మర్నాడు స్టూడియోలో అడుగు పెడుతూనే, చెప్పులు కూడా సర్దుకోకుండా, యంత్రాల గదిలో నిలబడి చెప్పేసింది. "డాక్టరుగారూ, ఒక మాట. రేవులో ఏడ్చింది నేను కాదు. ఆ వేళకు నా గొంతు పూర్తిగా పోయింది. ఏడ్చింది ఇదిగో, ఇది. మీరంతా ఇన్నేళ్ళుగా పొగుడుతున్నది దీని ఏడుపుని."

పిన్ని నేలకేసి చూస్తూ నిలబడింది. చెవులు వేడెక్కాయి.

డాక్టరు ముఖం మొదట ఖాళీ అయింది. తర్వాత నెమ్మదిగా వెలిగింది.

"విన్నారా మేష్టారూ? తనకు కుదరకపోతే ఆ అవకాశం తోడికోడలికి ఇప్పించడానికి అమ్మగారు తన ఏడుపునే వదులుకుంటున్నారు! ఈ కాలంలో ఎవరుంటారండీ ఇలా?"

"నిజం చెప్తున్నాను," అంది అక్కయ్య.

"మీరు ఇలాగే అంటారని నాకు తెలియదా? పిన్నిగారూ, రండి రండి. ప్రయత్నిద్దాం. అమ్మగారి మాట కాదనేవాళ్ళం కాదు."

పిన్ని గడియారం లేని మణికట్టును అలవాటుగా తడుముకుని మైకు ముందు నిలబడింది. పక్కకు కాస్త తిరిగింది, ఊపిరి నేరుగా మైకులో పడి ధబ్‌మనకుండా. తెర మీద పొగమంచు. ఈ సీను ఆవిడ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. టీవీలో వచ్చిన ప్రతిసారీ చూసింది. పొయ్యి కట్టేసి మరీ చూసింది. దొరసాని చేతి తొడుగుకు ఏ వేలి దగ్గర కుట్టు ఊడిందో కూడా తెలుసు. ఓడ కదలగానే పిన్ని మనసారా ఏడ్చింది. కన్నీళ్ళు నిజంగానే వచ్చాయి.

దీపం ఆరింది. ఇంజినీరమ్మాయి కూడా కళ్ళు తుడుచుకుంటోంది. కానీ డాక్టరు తల అడ్డంగా ఊగుతోంది.

"బాగుంది పిన్నిగారూ, చాలా బాగుంది. కానీ..." ఆయన మాటలు వెతుక్కున్నాడు. నోట్లో ఏ పన్ను నొప్పి పెడుతోందో వేలితో తట్టి చూసేవాడిలా. "ఇది హాల్లో కూర్చుని ఏడ్చే ఏడుపు. మా ఏడుపు. దొరసానిది కాదు. ఆవిడ ఏడుపులో జాలి లేదు. కోపం ఉంది."

పిన్ని ఆయన వైపు తెల్లబోయి చూసింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

మొదటిసారి ఏడ్చిన ఆ వేళ పిన్నికి సినిమా తెలియదు. రేవు తెలియదు, కెప్టెన్ తెలియదు. రేవులో గుంపు అరుపుల కోసం పిలిస్తే వచ్చింది. చంటిదాన్ని పక్కింటావిడకు అప్పగించి, ఇప్పుడే వచ్చేస్తానని చెప్పి వచ్చింది. పొద్దు వాలింది, పంపలేదు. పాలు చేపుకొచ్చి రొమ్ము రాయిలా అయింది. బట్టలు తడిశాయి. ఆ తడి కనపడకుండా చేతులు కట్టుకుని నిలబడితే డైరెక్టరు వచ్చి, 'నువ్వు ఏడువమ్మా, ఏడ్చి ఇంటికి పో' అన్నాడు. ఇంటికి పోవడానికి ఏడ్చింది. ఎర్రదీపం ఆరకముందే గుమ్మం దాటింది.

ఆ తర్వాత అందరితో పాటు తనూ సినిమాను ప్రేమించింది. ప్రేమించి, ప్రేమించి, ఆ ఏడుపును పాడు చేసుకుంది.

"సరే, కొత్తమ్మాయినే పిలుద్దాం," డాక్టరు మెల్లగా అంటున్నాడు అవతల. మైకు తెరిచి ఉందని ఆయనకు తెలియదు. మాటలన్నీ పిన్ని చెవి గొట్టాల్లో పడుతున్నాయి. "పాపం, పెద్దావిడని నొప్పించకండి. అమ్మగారు మనసు పడి తీసుకొచ్చారు. సరదాకి ఒకసారి ఏడవనిచ్చాం, అంతే."

సరదాకి.

"దీపం వెయ్యమ్మా," అంది పిన్ని.

"పిన్నిగారూ, ఇక ఫరవాలేదు..."

"దీపం వెయ్యమంటున్నానా!"

వేసింది ఆ పిల్ల. భయపడి వేసింది.

పిన్ని దొరసాని ముఖం చూడలేదు. ఆమె భుజాలు మాత్రమే చూసింది. చేతులు గుండెల మీద కట్టుకుంది. మొదట ఊపిరి లోపలికి పోయి అక్కడ ఇరుక్కుంది, తలుపు సందులో వేలు ఇరుక్కున్నట్టు. తర్వాత పళ్ళ మధ్య నుంచి సన్నగా, ఏడవకూడదని తిట్టుకుంటూ వచ్చినట్టు ఒక శబ్దం. అది తెగింది. మళ్ళీ అందుకుంది. ఎవరి జాలీ వద్దనే ఏడుపు. అడ్డుకున్నవాణ్ణి తోసుకుని ఇంటికి పోయే ఏడుపు. దొరసాని భుజాలు పైకి లేచినచోట లేచింది, కూలినచోట కూలింది.

దీపం ఆరేసరికి పిన్ని చెవి గొట్టాలు తీసేసింది.

అద్దం అవతల నవల మేష్టారు చంకలోంచి పుస్తకం జారి కిందపడింది. ఆయన తీసుకోలేదు. డాక్టరు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. అతని వీపు ఎగిరెగిరి పడుతోంది. చాలాసేపటికి లేచి, తలుపు తోసుకుని, చెంపలు తడితడిగా ఈ గదిలోకి వచ్చాడు.

గుమ్మం పక్కనే అక్కయ్య నిలబడి ఉంది. డాక్టరు ఆవిడ ముందు ఆగాడు. ఇన్నేళ్ళుగా ఎలా ఆగుతున్నాడో అలాగే ఆగాడు. ఆవిడ ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకు అద్దుకుని, తల వంచాడు.

"అమ్మగారూ..." అన్నాడు.

అక్కయ్య కుడిచెయ్యి పైకి లేచింది. వంగిన ఆ తల మీద ఆనింది. ఒకసారి మెల్లగా నిమిరింది.

అప్పుడు పిన్నిని చూసింది.

ఆ చెయ్యి డాక్టరు జుట్టు మీదే ఉండిపోయింది. తీయడానికి లేదు, ఉంచడానికి లేదు. అక్కయ్య వయసంతా ఒక్కసారిగా ముఖం మీదికొచ్చి కూర్చుంది.

డాక్టరు తేరుకుని తల ఎత్తాడు. చుట్టూ చూసి, పిన్ని దగ్గరికొచ్చి, ఆవిడ భుజం తట్టాడు. "మీరే పిన్నిగారూ, మీరే. నమ్మనందుకు క్షమించాలి. పేరు వేయిస్తాను. తప్పకుండా వేయిస్తాను." చెప్తున్నంతసేపూ ఆయన కళ్ళు మళ్ళీ మళ్ళీ అక్కయ్య వైపే పోయాయి. పొమ్మని ఆయన చెప్పలేదు. అవే పోయాయి.

ఇంటికి వెళ్ళే బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. అక్కయ్య తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"చెయ్యి దానంతట అదే లేచిందే," అంది.

ఒక్క మాట చాలు. 'పోనీలే అక్కయ్యా' అంటే చాలు. పిన్ని నాలుక చివర ఉంది. దాన్ని అక్కడే ఉంచుకుంది.

"కిటికీ వెయ్యనా? దుమ్మొస్తోంది," అంది.

* * *

సినిమా వేసిన మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. మొదటి వరుస వెనక సంఘం వాళ్ళ సీట్లు. అక్కయ్యను నడిమధ్య కూర్చోబెట్టారు. పిన్నిని పక్కనే కూర్చోబెట్టారు. కాఫీ ఎవరో వేరే వాళ్ళు తెచ్చిచ్చారు. పిన్నికి అది చేదుగా ఉంది, పంచదార కలుపుకుందామని లేవబోతే డాక్టరు లేవనివ్వలేదు. "ఇవాళ మీరు కదలకూడదు పిన్నిగారూ!"

స్టూడియో నుంచి వచ్చాక ఇంట్లో ఏమీ మారలేదు. ఉదయం కాఫీ, సాయంత్రం కుళాయి, టీవీ వార్తలు. అక్కయ్య రోజూ గిన్నెలు తుడుస్తోంది. వద్దన్నా మానలేదు. పిన్ని కూడా గట్టిగా వద్దనలేదు. ఆ బస్సులో మిగిలిపోయిన మాట ఇంట్లో ఏ గదిలోనూ ఇమడక తిరుగుతోంది. ఇద్దరూ దానికి దారిస్తూ పక్కకు తప్పుకు నడుస్తున్నారు.

దీపాలు తగ్గాయి. జనం ఈలలు వేశారు. వెండి సముద్రం మీద పేర్లు తేలడం మొదలైంది. నటీనటులు, నవల, దర్శకుడు. ఒక్కో పేరుకూ చప్పట్లు.

ఇప్పుడే వస్తుంది. డబ్బింగు పేర్లు ఇప్పుడే.

హాలు మొత్తం తెర వైపు చూస్తోంది. పిన్ని మాత్రం పక్కకు తిరిగింది. తన పేరు వచ్చినప్పుడు అక్కయ్య ముఖం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. చాలా ఏళ్ళుగా చూడాలనుకుంటున్నది నిజానికి అదే. చిన్నబోతుందా? మూతి ముడుచుకుంటుందా? ముడుచుకుంటే బాగుండునని కూడా ఒక మూల ఉంది.

తెర వెలుగు అక్కయ్య ముఖం మీద పడింది. అక్కయ్య పేరు వచ్చినట్టుంది, హాలు దద్దరిల్లింది. ఆవిడ రెప్ప కూడా కదపలేదు. దేనికోసమో మెడ ముందుకు చాపి, ఇంకా చూస్తోంది. వెలుగు మారింది. అక్కయ్య పెదవులు కదిలాయి. కొత్తగా అక్షరాలు నేర్చుకున్న పిల్లలా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, శబ్దం లేకుండా, ఒక పేరు చదివింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్తగారు ఒకటి రెండుసార్లు పిలిచాక ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ పిలవని పేరు. చదివి, కళ్ళు గట్టిగా మూసుకుంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి. ఏ మైకూ పట్టుకోలేని ఏడుపు. శబ్దమే లేదు.

చప్పట్లు పలచగా మోగి ఆగాయి. ఆ పేరు ఎవరిదో హాల్లో చాలామందికి తెలియదు.

పిన్ని చటుక్కున తెర వైపు తిరిగింది. వెండి సముద్రం మీద ఓడ వస్తోంది. అక్షరాలు లేవు.

"చూశావటే?" అక్కయ్య చీకట్లో ఆవిడ చెయ్యి వెతికి పట్టుకుంది. "వచ్చింది. చక్కగా వేశారు. చూశావా?"

పిన్ని ఆ చేతిని విడిపించుకోలేదు.

"చూశాను అక్కయ్యా," అంది.